చిటికెడు నీలం, నిండు గోడ

పండుగ ముందు ఇంటికి వెల్ల వేసేటప్పుడు సున్నపు బానలో చిటికెడు నీలిమందు కలపడం తెలుగు పల్లెల్లో తరతరాలుగా ఉన్న వాడుక. సున్నం ఆరిన తరువాత గోడ మీద లీలగా ఒక పసుపు ఛాయ మిగులుతుంది. నీలం ఆ పసుపును అణచివేయగా, కంటికి ఆ గోడ మునుపటి కంటె తెల్లగా తోస్తుంది. చివరి జాడింపు నీళ్లలో నీలం కలిపి తెల్లబట్టలను ముంచే గృహిణి అనుసరించేదీ ఇదే సూత్రం. ఆ విధంగా తెలుగువారి గోడలో నీలం ఎప్పటి నుంచో ఉన్నప్పటికీ, అది తెలుపుకు సేవచేసి తాను కనిపించకుండా పోయే రంగుగానే ఉంది. చెయ్యి కొంచెం జారితే గోడ లేత ఆకాశవర్ణంలోకి తిరిగేది. తెలంగాణ ఊళ్లలో ఇప్పటికీ కనిపించే నీలి సున్నపు గోడలకు, నీలిరంగు పూసిన దర్వాజాలకు మూలం ఈ పరిచయమే. సిరాబుడ్డి అడుగున పేరుకున్న మడ్డి వంటి ముదురు నీలం ఇంటి లోపలి గోడ నిండా పరుచుకోవడం మాత్రం ఈ తరంలో వచ్చిన మార్పు.

ఆ మార్పును దగ్గరగా పరిశీలించడానికి హైదరాబాదు ఈశాన్యపు అంచున ఉన్న కీసర తగిన చోటు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ ఊరి పక్కగా సాగడం, 2016 అక్టోబరులో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడటం, శామీర్‌పేట దగ్గరి అంతాయిపల్లిలో 2022 ఆగస్టులో జిల్లా సమీకృత కలెక్టరేట్ ప్రారంభం కావడం వంటి పరిణామాలతో జొన్న, కంది పండిన చెల్క భూములు ప్లాట్లుగా మారాయి. కీసర, నాగారం, దమ్మాయిగూడ, రాంపల్లి, చీర్యాల పరిసరాల్లో నూటయాభై, రెండువందల గజాల స్థలంలో లేచే డూప్లెక్స్ ఇంటికి రంగులు ఎంచే దశ వచ్చేసరికి, హాలులో టీవీ వెనుక గోడకో, పడకగదిలో మంచం తలవైపు గోడకో ముదురు నీలం వేయాలన్న కోరిక తరచు వినిపిస్తుంది. ఈ రంగు కీసర ఇంటికి తగినదే. అయితే దుకాణంలోని షేడ్ కార్డును చూసి కాకుండా, గదిలోకి ఏ వేళ ఏ దిక్కు నుంచి ఎంత వెలుతురు వస్తుందో చూసి ఎంచుకున్నప్పుడే అది తగినది అవుతుంది.

ముదురు, చల్లన అనే రెండు మాటలు

రంగును గురించి శాస్త్రీయంగా మాట్లాడేవారు దానికి మూడు గుణాలు చెబుతారు. ఎరుపా పసుపా నీలమా అన్నది వర్ణం. తెలుపుకు దగ్గరా నలుపుకు దగ్గరా అన్నది కాంతిస్థాయి. ఆ వర్ణం ఎంత చిక్కగా ఉంది, ఎంత బూడిద కలిసి ఉంది అన్నది గాఢత. ముదురు నీలం అంటే కాంతిస్థాయి బాగా తగ్గిన నీలం. అందులో ఎర్రజీర కలిస్తే అది ఊదా వైపు వాలి కొంత వెచ్చగా, ఆకుపచ్చ జీర గాని బూడిద జీర గాని కలిస్తే లోతు చెరువు నీటిని తలపిస్తూ చల్లగా అనిపిస్తుంది. రంగుల కంపెనీలు కాంతిస్థాయిని ఒక అంకెతో సూచిస్తాయి. గోడ మీద పడిన వెలుతురులో ఎన్నో వంతు తిరిగి గదిలోకి వస్తుందో తెలిపే ఆ అంకెను ప్రతిఫలన విలువ అనవచ్చు. అది సున్నా నుంచి 100 వరకు ఉంటుంది. మామూలు తెల్లరంగుకు ఇది 80కి పైగా ఉండగా, ముదురు నీలాలకు సాధారణంగా 10 లోపే ఉంటుంది. అంటే తెల్లగోడ తన మీద పడిన వెలుతురును చాలావరకు గదికి తిరిగి ఇస్తే, ముదురు నీలపు గోడ పదిపాళ్లలో తొమ్మిది పాళ్లకు పైగా తనలోనే ఉంచుకుంటుంది. ఈ ఒక్క తేడా మనసులో ఉంటే మిగిలిన నిర్ణయాలు సులువవుతాయి.

నలుపును తాకే ఈ నీలం తెలుగు భాషకు కొత్తది కాదు. నీలవేణి అంటే నల్లని జడ గల స్త్రీ, నీలమేఘం అంటే కారుమబ్బు. పాత వాడుకలో నీలానికీ నలుపుకూ మధ్య గట్టి గోడ లేదు. నేడు ఇంగ్లీషు నుంచి వచ్చి స్థిరపడిన నేవీ బ్లూ అనే పేరు బ్రిటన్ నౌకాదళ అధికారులకు 1748లో నిర్ణయించిన ముదురు నీలపు దుస్తుల నుంచి పుట్టింది. నౌకాదళాల దుస్తులకు ఆ ముదురుతనాన్ని ఇస్తూ వచ్చింది నీలిమందే. కడప, కర్నూలు, నెల్లూరు సీమల్లో విరివిగా నీలిచెట్టును పండించి, ఆకును తొట్లలో నానబెట్టి, చిలికి, అడుగున దిగిన ముద్దను బిళ్లలుగా కోసి మద్రాసు రేవు నుంచి విదేశాలకు పంపిన కాలం ఒకటి ఉంది. జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ 1897లో కృత్రిమ నీలిమందును బజారుకు తెచ్చిన తరువాత ఆ సాగు కుప్పకూలింది.

సున్నం ఒప్పుకున్న నీలం

అద్దకానికి నీలం దొరికినంత సులువుగా గోడకు దొరకలేదు. గోడ మీది నీలానికి ప్రాచీన ప్రపంచంలో అత్యుత్తమ వనరు ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల్లో లభించే లాజవర్దం అనే రాయి. అజంతాలోని తొలి గుహల చిత్రాల్లో నీలం కనిపించదు. క్రీస్తుశకం 5వ శతాబ్దంలో వాకాటకుల పాలనలో వేసిన చిత్రాల్లో మాత్రం ఈ రాతిపొడి మెరుస్తుంది. ఆ వాకాటకుల ఆడపడుచును వివాహమాడిన మాధవవర్మ విష్ణుకుండిన రాజు. విష్ణుకుండినుల కాలపు కోటగోడల ఆనవాళ్లు, ఇటుక కట్టడాల పునాదులు బయటపడిన కొండ కీసరగుట్ట. రామలింగేశ్వరస్వామి ఆలయం, చుట్టూ చెదిరి ఉన్న శివలింగాలు, మహాశివరాత్రి జాతర కారణంగా తెలుగువారందరికీ తెలిసిన ఆ గుట్ట మీద ఒక బండకు తొలుచువాండ్రు అనే మాట చెక్కి ఉంది. రాయి తొలిచే పనివారు అని అర్థమిచ్చే ఆ మాటను అతి ప్రాచీన తెలుగు శాసనాల్లో ఒకటిగా పరిగణిస్తారు. ఇల్లు కట్టే చేతులను తలచుకున్న ఆ రాత కీసరలోనే ఉండటం ఈ విషయానికి ఎంతో తగినట్లుగా ఉంది. గుట్ట మీది గోడలకు ఏ రంగు ఉండేదో చెప్పగల ఆధారం మిగలలేదు గాని, ఆ రాజవంశపు బంధువుల గుహల్లో ఆనాటికే దూరదేశపు నీలం గోడ ఎక్కిందన్నది స్థిరమైన విషయం.

అంత దూరం నుంచి రావలసిన రంగు కనుక అది అందరికీ అందేది కాదు. 16వ శతాబ్దపు లేపాక్షి ఆలయ కుడ్యచిత్రాల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు విరివిగా ఉన్నా నీలం దాదాపు కనిపించకపోవడం చూసేవారికి వెంటనే తడుతుంది. హైదరాబాదు మాత్రం వేరొక దారిలో నీలాన్ని గోడకెక్కించింది. పత్తర్‌గట్టి సమీపంలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా 16, 17 శతాబ్దాల సంధికాలపు కుతుబ్‌షాహీ కట్టడం. దాని లోపలి గోడలకు పొదిగిన మెరుగు పలకల్లో కోబాల్టు అనే లోహపు ఉప్పు నుంచి వచ్చిన చిక్కని నీలం, దాని పక్కన ఆవపిండి వంటి పసుపు, పచ్చలు కలిసి షట్కోణాలుగా, మొహర్రంలో నిలిపే అలముల ఆకారాలుగా అల్లుకుని ఉంటాయి. 1908 మూసీ వరదలో కింది వరుసల పలకలు దెబ్బతిన్నా, పైభాగం నాలుగు శతాబ్దాలుగా వెలసిపోకుండా నిలిచింది. ముదురు నీలపు గోడ విదేశీ పత్రికల నుంచి ఎత్తుకొచ్చిన మోజు అనేవారు కీసర నుంచి ఒక పూట ప్రయాణం చేసి ఈ గోడ ముందు నిలబడితే ఆ అభిప్రాయం మారుతుంది. అక్కడ నీలం ఒంటరిగా లేదు, దాని పక్కన పసుపు ఉంది అన్న సంగతిని కూడా గమనించాలి.

సామాన్యుడి గోడకు నీలం రావడానికి రసాయనశాస్త్రం కారణం. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో యాదృచ్ఛికంగా తయారైన ప్రష్యన్ బ్లూ ముదురుగా, చవకగా ఉన్నా దానికి సున్నం పడదు; క్షారం తగిలితే అది విడిపోయి తుప్పురంగుకు తిరుగుతుంది. సున్నాన్ని తట్టుకునే నీలం లాజవర్దమే కనుక దానిని కృత్రిమంగా తయారుచేసిన వారికి 6,000 ఫ్రాంకుల బహుమానం ఇస్తామని ఫ్రాన్సులో 1824లో ఒక పారిశ్రామిక సంఘం ప్రకటించగా, 1828లో జాఁ బాప్తిస్త్ గిమే ఆ బహుమతి గెలుచుకున్నాడు. తెల్లమట్టి, సోడా, గంధకం, బొగ్గు కలిపి కాల్చి తీసే ఆ అల్ట్రామెరీన్ నీలమే బట్టలకు వాడే నీలిపొడిగా కిరాణా కొట్టుకు చేరి, అక్కడి నుంచి సున్నపు బానలోకి దిగింది. నీలిమందు అన్న పాత పేరును జనం దానికీ తగిలించారు గాని, చెట్టు నుంచి వచ్చిన నీలిమందు వేరు, ఈ పొడి వేరు. క్షారానికి చెక్కుచెదరక, ఆమ్లం తగిలితే మాత్రం వెలిసిపోయే దాని స్వభావం వల్లనే వెల్లగోడకూ దానికీ అంత పొత్తు కుదిరింది. 1930లలో బజారుకు వచ్చిన థాలోసయనిన్ నీలం మూడో మలుపు. రాగి పరమాణువు చుట్టూ అల్లుకున్న ఈ వర్ణకం కొద్దిగా వేసినా చిక్కని రంగునిస్తుంది, ఆకుపచ్చ వైపు వాలుతుంది, ఎండకూ క్షారానికీ నిలుస్తుంది. నేటి ఎమల్షన్ రంగుల్లో చల్లని ముదురు నీలం చాలావరకు దీని నుంచి వచ్చేదే.

కీసర ఎండ, కీసర నీడ

యూరప్, అమెరికా ఇంటి అలంకరణ పుస్తకాలు ముదురు నీలాన్ని చలిదేశపు మసక వెలుతురును దృష్టిలో ఉంచుకుని వివరిస్తాయి. అక్కడ ఉత్తరపు గదిలో ఎండ పడదు, వెలుతురే నీలంగా, నీరసంగా ఉంటుంది. కనుక ఆ గదిలో చల్లని నీలం వద్దని హెచ్చరిస్తారు, లేదా మసకను మసకగానే అంగీకరించి గూడు వంటి వెచ్చదనం కోసం నాలుగు గోడలకూ అదే వేయమంటారు. ఆ రెండు సలహాలూ ఇక్కడ నేరుగా చెల్లవు. కీసర సుమారు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు; ఆ రెండింటి నడుమ దాదాపు మూడు నెలలు మధ్యాహ్నం కూడా కొద్దిగా ఉత్తరానికి వాలి ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీ లోపలికి ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ దిగుతుంది. డిసెంబరులో ఇందుకు భిన్నంగా మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తు దాటడు కనుక, దక్షిణపు గదిలోకి ఎండ లోతుగా చొచ్చుకువస్తుంది. ఒకే గోడ మీద ఒకే నీలం మే నెలలో ఒకలా, వానమబ్బు కమ్మిన జూలైలో ఒకలా, డిసెంబరులో మరొకలా కనిపించడం వింత కాదు.

ఇక్కడి ఇబ్బంది వెలుతురు చాలకపోవడం కాదు, ఎక్కువ కావడం. గులాబీ, బూడిద రంగులు కలిసిన గ్రానైటు గుట్టలు, చెట్లు కొట్టేసిన ప్లాట్ల ఎర్రమట్టి, సిమెంటు రోడ్లు, కంకర మిల్లుల దుమ్ము పట్టిన గాలి అన్నీ కలిసి పగటి వెలుతురును కళ్లలోకి విసురుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నం బయటి నుంచి ఇంట్లోకి వచ్చిన మనిషి కోరేది కంటికి కాసింత విశ్రాంతి. పాతకాలపు తెలంగాణ ఇంట్లో మందపాటి మట్టిగోడలు, చిన్న కిటికీల నడుమ ఇంటి నట్టనడుమ ఉండే అర్ర ఆ విశ్రాంతినిచ్చేది. చల్లదనానికీ మసకచీకటికీ ఉన్న బంధం ఇక్కడివారి అనుభవంలో నాటుకున్నది. పెద్ద కిటికీలు, తెల్ల గోడలు, మెరిసే నేలపలకలు గల కొత్త ఇల్లు ఆ మసకను పోగొట్టుకుంది. ముదురు నీలపు గోడ ఒకటి తిరిగి ఇవ్వగలిగింది ఆ మసకనే.

అయితే ఇక్కడ ఒక అపోహను స్పష్టంగా తొలగించాలి. చల్లని రంగు గదిని చల్లబరచదు. ఎండ నేరుగా పడని లోపలి గోడకు ఏ రంగు వేసినా గది ఉష్ణోగ్రతలో చెప్పుకోదగిన తేడా రాదు. చల్లదనం అన్నది కంటికి, మనసుకు కలిగే భావన. ఇంటి బయటి గోడకు, ముఖ్యంగా పడమటి గోడకు ముదురు నీలం వేస్తే మాత్రం అది ఎండను పీల్చుకుని సాయంత్రం పొద్దుపోయే దాకా వేడిని లోపలికి వదులుతుంది. జోధ్‌పూర్ నీలి ఇళ్లను చూపించి బయటి గోడకూ అదే వేయవచ్చనే వాదన ఉంది. అక్కడివి సున్నంలో కలిపిన లేత నీలాలు, ఇక్కడ మాట్లాడుతున్నది పదిలో తొమ్మిది పాళ్ల వెలుతురును మింగే రంగు. ముదురుగా ఉంటూనే ఎండలోని పరారుణ కిరణాలను, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలను వెనక్కి పంపే నీలం కూడా ఉంది. చెన్నైలో పుట్టిన శాస్త్రవేత్త మాస్ సుబ్రమణియన్ బృందం 2009లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇట్రియం, ఇండియం, మాంగనీసు కలిపి కాల్చినప్పుడు అనుకోకుండా బయటపడిన వర్ణకం అది. ఇండియం ధర వల్ల అది మామూలు ఇంటి గోడకు అందేంత చవక కాలేదు. బయట తెలుపు, లోపల నీలం అన్నది కీసరకు సరిపడే నియమం. ఇంటిని నిజంగా చల్లబరిచేవి పైకప్పు మీది తెల్లపూత, కిటికీ మీది సజ్జ, పడమటి దిక్కున ఒక వేపచెట్టు.

ఏ గోడకు

గదిలో నాలుగు గోడలుంటే ముదురు నీలం వేయకూడని గోడ ఒకటి కచ్చితంగా ఉంటుంది, అది కిటికీ ఉన్న గోడ. కిటికీలోంచి వచ్చే తెల్లని వెలుగుకూ దాని చుట్టూ ఉన్న ముదురు రంగుకూ తేడా మితిమీరి, అటు చూసిన ప్రతిసారీ కళ్లు జిగేలుమంటాయి. కిటికీకి పక్కగా ఉన్న గోడకు గాని ఎదురుగా ఉన్న గోడకు గాని వేస్తే వెలుతురు దాని మీద మెత్తగా పడి, రంగు నలుపులా కాక నీలంగా కనిపిస్తుంది. పన్నెండు అడుగుల చదరపు గదిలో ఒక్క గోడకు ముదురు నీలం వేసి, మిగిలిన మూడింటినీ కప్పునూ తెల్లగా ఉంచితే గది వెలుగు తగ్గినా చీకటి కాదు. నాలుగు గోడలకూ వేసే సాహసం పగలు ఎక్కువగా వాడని గదులకే తగును. పక్క ఇంటి గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో కిటికీ తెరుచుకునే గదులు ఈ ప్రాంతపు ప్లాట్లలో మామూలు. అటువంటి గదిలో ఈ రంగును మానుకోవడమే ఉత్తమం.

నేలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తాండూరు నాపరాయిలోని బూడిదనీలం రకం ముదురు నీలపు గోడకు సహజమైన తోడు. షాబాద్ బండ కూడా అంతే. నిగనిగలాడే తెల్ల టైల్స్ మీద ఆ గోడ తలకిందులుగా ప్రతిబింబించి గదికి నిలకడ లేకుండా చేస్తుంది. టేకు దర్వాజా, వెదురు, పేము, జనపనార, ఎర్రమట్టి కుండ వంటి గోధుమవర్ణపు వస్తువులన్నీ ఈ గోడ ముందు బతుకుతాయి. చెరియాల నకాషీ చిత్రపటం వంటి ఎర్రని నేపథ్యం గల బొమ్మకు దీనికి మించిన గోడ లేదు.

అన్నింటికంటె ఈ రంగు కుదిరే చోటు దేవుడి గది. నీలానికి ఎదురురంగు నారింజ పసుపు. ఒకదాని పక్కన మరొకటి ఉన్నప్పుడు రెండూ మరింత ప్రకాశిస్తాయన్న నియమాన్ని ఫ్రాన్సులోని గోబెలిన్ అద్దకశాలలో పనిచేసిన రసాయనవేత్త షెవ్రోల్ 1839లో తన గ్రంథంలో సవివరంగా నిరూపించాడు. చింతపండుతో తోమిన ఇత్తడి కుందులు, నువ్వులనూనె దీపపు జ్వాల, పసుపు పూసిన గడప, బంతిపూల దండ, చందనం అన్నీ ఆ నారింజ పసుపు కుటుంబానివే. తెల్ల టైల్స్ అంటించిన పూజగదిలో దీపం వెలుగు చెదిరిపోతుంది. నీలపు గోడ ముందు అదే దీపం చుట్టూ ఒక బంగారు వలయం నిలుస్తుంది, కుంది మెడ దగ్గరి గీతలు, ప్రమిద అంచున వత్తి కాలిన మసి చార, నూనె మీద ఆడే మెరుపు కూడా విడివిడిగా తెలుస్తాయి. విగ్రహం నల్లరాతిదైతే మాత్రం వెనుక గోడ ఇంత ముదురుగా ఉండకూడదు, విగ్రహం గోడలో కలిసిపోతుంది.

నీలం శనిగ్రహపు రంగు అన్న నమ్మకం వల్ల, నలుపుకు దగ్గర కావడం వల్ల కొన్ని ఇళ్లలో పెద్దలు అభ్యంతరం చెబుతారు. దిక్కును బట్టి రంగు సూచించే వాస్తు పండితుల మాటలు ఒకరికొకరివి పొసగని సందర్భాలూ ఉన్నాయి. రోజూ ఆ గోడను చూస్తూ బతకవలసిన మనిషి మనసు ఒప్పుకోని రంగును ఇంట్లోకి తేకపోవడమే మర్యాద. పెద్దల విషయంలో మరో కారణం కూడా ఉంది. వయసుతో పాటు కంటి కటకం పసుపుబారి నీలి కాంతిని అడ్డుకుంటుంది కనుక, యువతకు నీలంగా కనిపించే గోడ డెబ్బై ఏళ్ల వారికి నల్లగా కనిపించవచ్చు. నడవలో, మెట్ల దగ్గర, స్నానాల గది దారిలో వారికి ఈ రంగు ప్రమాదకరం; పడకగదిలో వేస్తే దాని మీద తెల్ల స్విచ్‌బోర్డు స్పష్టంగా కనిపించడం ఒక్కటే లాభం. దోమలు ముదురు ఉపరితలాల మీద వాలడానికి ఇష్టపడతాయి కనుక, చెరువుల దగ్గరి ఇళ్లలో కిటికీలకు జాలీ లేకుండా ఈ రంగు వేయకూడదు.

లప్పం, దీపం, ఓపిక

ముదురు నీలం గోడలోని లోపాలను దాచదు, బయటపెడుతుంది. తెల్లరంగు కింద కనిపించని కరణె గీత ముదురు రంగు కింద నీడగా లేస్తుంది. అందువల్ల ఈ గోడకు అసలు పని రంగు డబ్బా తెరవక ముందే పూర్తి కావాలి. సిమెంటు గిలాబు చేసిన గోడను తడిపి, ఆరబెట్టి, కనీసం 28 రోజులు వదిలేయాలి. కొత్త గిలాబులోని క్షారం, తేమ తగ్గకుండా రంగు వేస్తే అది పొరలుగా లేస్తుంది. బోరు నీళ్లలోని ఉప్పు గోడలో చేరి, వానాకాలం తరువాత తెల్లని పొడిగా పైకి ఉబుకుతుంది. తెల్లగోడ మీద ఎవరూ గమనించని ఆ చౌడు నీలపు గోడ మీద అట్లాసులోని దేశాల సరిహద్దుల్లా వంకరటింకర గీతలు గీస్తుంది. చెమ్మ ఉన్న గోడకు, స్నానాల గదిని ఆనుకున్న గోడకు ముందు చెమ్మను మాన్పాలి; రంగు చెమ్మకు మందు కాదు.

ఆపై వచ్చేది హైదరాబాదు పనివారు లప్పం అని పిలిచే పుట్టీ. రెండు కోట్లు పట్టి, ఆరాక ఎమ్రీ కాగితంతో రుద్దడం అందరూ చేసేదే. మంచి పెయింటర్ అంతటితో ఆగకుండా గదిలో చీకటి చేసి, ఒక బల్బును గోడకు ఆనించినంత దగ్గరగా పట్టుకుని పక్క నుంచి వెలుగు వేస్తాడు. ఎదురు వెలుగులో అద్దంలా కనిపించిన గోడ మీద ఆ ఏటవాలు వెలుగులో గవ్వంత గుంటలు, తాపీ ఆగిన చోటి గట్లు, ఇసుకరేణువు లాగిన సన్నని గాడి ఒక్కొక్కటే నీడ పరుస్తాయి. వాటిని పెన్సిలుతో గుండ్రంగా గుర్తుపెట్టి, మళ్లీ లప్పం నింపి, మళ్లీ రుద్ది, మళ్లీ దీపం పట్టిన గోడే ముదురు రంగుకు అర్హమైన గోడ. ఈ పనికి అదనంగా అడిగే ఒకటి రెండు రోజుల కూలి దగ్గర బేరమాడటం సరికాదు.

రంగు కలిపే తీరు కూడా తెలిసి ఉండటం మేలు. దుకాణంలోని యంత్రం ఒక మూలపు రంగులో వర్ణకాలను చుక్కల లెక్కన కలుపుతుంది. లేత రంగులకు వాడే మూలంలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి నిండుగా ఉండి కింది గోడను కప్పేస్తుంది. ముదురు నీలానికి వాడే మూలంలో ఆ తెలుపు నామమాత్రం. వర్ణకం చిక్కనిదైనా పారదర్శకమైనది కనుక తెల్లని ప్రైమర్ మీద నేరుగా వేస్తే రెండు కోట్ల తరువాత కూడా లోపలి తెలుపు మచ్చలుగా తొంగిచూస్తుంది. ప్రైమర్‌లోనే కాస్త బూడిదరంగు కలిపి వేయడం, ఆపై మూడు కోట్లకు సిద్ధపడటం దీనికి పరిష్కారం. డబ్బా సగంలో అయిపోతే రెండో డబ్బా రంగు వెంట్రుకవాసి తేడా ఉండవచ్చు కనుక, ఒక గోడకు కావలసినదంతా ముందే తెచ్చి పెద్ద బకెట్టులో కలిపి ఉంచుకోవాలి; రోలర్ ఒక అంచు నుంచి మొదలైతే తడి ఆరకముందే మరో అంచుకు చేరాలి. మెరుపు లేని మ్యాట్ రకం ఈ నీలానికి లోతునిస్తుంది, కాని చెయ్యి తగిలిన చోటల్లా తెల్లని చారలు పడతాయి. పిల్లలున్న ఇంట్లో కొద్దిపాటి మెరుపు గల రకం మేలు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. డబ్బా మీద ఆ ప్రకటన ఉందో లేదో చూసి కొనాలి.

చివరగా చెప్పుకోవలసినది దీపాల సంగతి. తెల్లగా మెరిసే 6,500 కెల్విన్ ఎల్‌ఈడీ బల్బు కింద ముదురు నీలం కఠినంగా, ఆసుపత్రి నడవను తలపించేలా ఉంటుంది. 2,700 కెల్విన్ పసుపు వెలుగులో నీలి కిరణాలు తక్కువ కనుక అదే గోడ నల్లబడి, బూడిదబారుతుంది. 3,000 నుంచి 4,000 కెల్విన్ మధ్య ఉన్న దీపాన్ని కప్పు నుంచి కాక, గోడకు దగ్గరగా, పక్క నుంచి పడేలా అమర్చితే రంగు తన అసలు గుణాన్ని చూపుతుంది. మసక వెలుగులో మనిషి కంటికి ఎరుపు త్వరగా నల్లబడి, నీలం ఎక్కువసేపు నిలుస్తుందని 19వ శతాబ్దపు చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గుర్తించాడు. దీపాలు వెలిగించక ముందు, మునిమాపు వేళ కొన్ని నిమిషాలు ఈ గోడ తనంత తానే వెలుగుతున్నట్లు కనిపించడానికి కారణం అదే, ఈ రంగును ప్రేమించేవారు ఎదురుచూసే వేళా అదే.

రంగు కొనబోయే పాఠకులు ముందుగా ఒక చిన్న డబ్బా తెచ్చి, రెండు అడుగుల చదరపు ప్లైవుడ్ ముక్కకు మూడు కోట్లు వేసి, అనుకున్న గోడకు ఆనించి వారం రోజులు ఉంచాలి. ఉదయం పదింటికి, మధ్యాహ్నం మూడింటికి, దీపాలు పెట్టాక, వీలైతే మబ్బు పట్టిన రోజున కూడా దాన్ని చూడాలి, ఇంట్లోని పెద్దవారికీ చూపించాలి. ఒకసారి ఈ నీలం వేసిన గోడను తిరిగి తెల్లగా చేయాలంటే దాన్ని రుద్ది, కొత్తగా ప్రైమర్ వేసి, రెండు మూడు కోట్లు తెల్లరంగు పూయవలసి ఉంటుంది.